ఒకే నీటికి సీఓడీ మా ల్యాబ్‌లో 410, బయటి ల్యాబ్‌లో 130: తప్పు ఎక్కడ జరిగింది?

యనమదుర్రు_గట్టు
భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో వ్యర్థజల శుద్ధి కేంద్రానికి అనుబంధంగా ఉన్న చిన్న ల్యాబ్‌ను నేను చూసుకుంటున్నాను. కిందటి బుధవారం పొద్దున పది గంటలకు ఔట్‌లెట్ దగ్గర ఒకే క్యాన్‌లో పట్టిన నీటిని రెండుగా పంచి, ఒక భాగాన్ని నేనే పరీక్షించాను, రెండో భాగాన్ని బయటి ల్యాబ్‌కు పంపించాము. సీఓడీ (నీటిలోని కాలుష్యాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) నాకు 410 వచ్చింది, వారికి 130 వచ్చింది. బీఓడీ (అదే పనిని సూక్ష్మజీవులు చేయడానికి పట్టే ఆక్సిజన్) నాకు 41, వారికి 16. అంకెలన్నీ లీటరుకు మిల్లీగ్రాములలో. మా అనుమతి పత్రం ప్రకారం సీఓడీ 250, బీఓడీ 30 దాటకూడదు కాబట్టి, నా లెక్కలో మేము రెండింటిలోనూ తప్పాము, వారి లెక్కలో రెండింటిలోనూ నెగ్గాము. మేనేజరు గారు వారి కాగితాన్ని ఫైలులో పెట్టించి, నన్ను మాత్రం బ్యూరెట్ (ద్రావణం ఎంత పోశామో కొలిచే గాజు గొట్టం) చదవడం నేర్చుకోమన్నారు. మూడుసార్లు మళ్ళీ చేశాను, 400కు తక్కువ రాలేదు. ఎక్కడ తప్పుతున్నానో చెప్పగలరా?

ఆకివీడు_చెరువు
రెండూ కలిపి సగం చేసి రాస్తే ఇద్దరికీ గౌరవం దక్కుతుంది కదండీ.

పాతబురెట్టు
చెరువు గారూ, సగం చేసినా 270 వస్తుంది, అప్పటికీ తప్పినట్టే. గట్టు గారికి మూడు ప్రశ్నలు. నీటిలో క్లోరైడ్ ఎంత ఉంది? నమూనా ఎన్ని మిల్లీలీటర్లు తీసుకున్నారు? మెర్క్యురిక్ సల్ఫేట్ ఎంత వేశారు? ఈ మూడూ తెలియకుండా బ్యూరెట్‌ను నిందించడం అన్యాయం.

యనమదుర్రు_గట్టు
నమూనా 20 మిల్లీలీటర్లు, మెర్క్యురిక్ సల్ఫేట్ 0.4 గ్రాము. నాకు ముందు పని చేసినవారు గోడకు అంటించిన కాగితంలో అలాగే ఉంది. క్లోరైడ్ ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే నెలవారీ నివేదికలో ఆ గడి లేదు. మా బోరు నీళ్ళు ఉప్పగానే ఉంటాయి. దానికి తోడు రొయ్యలు చెరువు నుంచి ఉప్పునీటితోనే వస్తాయి.

పాతబురెట్టు
అయితే మీ అంకెలో సగానికి పైగా ఉప్పే ఉందని నా అనుమానం. సీఓడీ పరీక్షలో మనం చేసేది ఇంతే: గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, వెండి సల్ఫేట్ ఉత్ప్రేరకంగా, పొటాషియం డైక్రోమేట్‌తో నీటిని రెండు గంటల పాటు 150 డిగ్రీల వేడిలో రిఫ్లక్స్ చేసి (ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే పడేలా మరిగించి), ఎంత డైక్రోమేట్ ఖర్చయిందో ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో తేల్చి, ఆ ఖర్చును ఆక్సిజన్ లెక్కలోకి మారుస్తాము. డైక్రోమేట్‌కు తాను కాల్చుతున్నది రొయ్య తలకాయలోని మాంసకృత్తా, ఉప్పులోని క్లోరైడా అన్న తేడా తెలియదు. క్లోరైడ్ క్లోరిన్‌గా మారుతూ డైక్రోమేట్‌ను తినేస్తుంది, ఒక మిల్లీగ్రాము క్లోరైడ్ 0.226 మిల్లీగ్రాము సీఓడీలాగా కనిపిస్తుంది. దాన్ని కట్టి పడేయడానికే మెర్క్యురిక్ సల్ఫేట్ వేస్తాము, కానీ బరువులో క్లోరైడ్‌కు పదిరెట్లు పడాలి. మీ 0.4 గ్రాము 40 మిల్లీగ్రాముల క్లోరైడ్‌నే పట్టగలదు, అంటే 20 మిల్లీలీటర్ల నమూనాలో లీటరుకు 2000 వరకే. మీ గోడ మీది కాగితం మంచినీటి కాలువ పక్కన ఉండే ఊరి కోసం రాసినది.

సిల్వర్ నైట్రేట్ ఉంటే ఈ సాయంత్రమే క్లోరైడ్ చూడండి. పొటాషియం క్రోమేట్ సూచికగా పసుపు రంగు ఇటుక ఎరుపుకు తిరిగే దాకా పోయండి. నమూనాను బాగా పలచన చేసి మొదలుపెట్టండి, లేకపోతే సిల్వర్ నైట్రేట్ సీసా ఖాళీ అవుతుంది, దాని ధర చూసి మేనేజరు గారు ఇంకో మాట అంటారు.

రెండోఏడు_కెమిస్ట్రీ
మా ప్రాక్టికల్స్‌లో సీఓడీ చేశాము కానీ ఉప్పు సంగతి ఎవరూ చెప్పలేదు. మాకు ఇచ్చిన నమూనా గ్లూకోజు కలిపిన డిస్టిల్డ్ వాటర్ కాబోలు.

యనమదుర్రు_గట్టు
క్లోరైడ్ 3400 వచ్చింది. రెండుసార్లు చేశాను.

పాతబురెట్టు
పట్టుబడనిది 1400. దాన్ని 0.226తో గుణిస్తే 316. మీకూ వారికీ ఉన్న తేడా 280. వారు నమూనాను సగానికి పలచన చేసి క్లోరైడ్‌ను 1700కు దించి ఉంటారు, ఫోన్ చేసి అడగండి.

కాకినాడ_పైపులైను
పాతబురెట్టు గారి దిశ సరైనదే కానీ, ఆ తీసివేత అంత నున్నగా జరుగుతుందని ఎవరూ అనుకోకూడదు. 2000 వరకు మొత్తం బందీ, ఆపైన మొత్తం స్వేచ్ఛ అన్నట్టు మెర్క్యురీ పని చేయదు. క్లోరైడ్ ఎంత ఆక్సీకరణం చెందుతుందన్నది ఆమ్లం, వేడి, మిగిలిన డైక్రోమేట్ మీద ఆధారపడుతుంది, పైగా అమ్మోనియా ఉంటే వెలువడిన క్లోరిన్ దానితో కలిసి మరో చిక్కు తెస్తుంది. అందుచేత 410 లోంచి 316 తీసేసి 94 అని రాయడం తప్పు. పలచన చేసి, చాలినంత మెర్క్యురీ వేసి, మళ్ళీ పరీక్షించడమే దారి.

అయితే పలచనకు కూడా ఒక ఖరీదు ఉంది. 0.1 నార్మల్ ఫెర్రస్ ద్రావణం వాడుతూ 20 మిల్లీలీటర్ల నమూనా తీసుకుంటే, బ్యూరెట్‌లో ఒక మిల్లీలీటరు తేడా 40 సీఓడీకి సమానం. చుక్క అటూ ఇటూ అయి 0.1 తప్పితే 4, దాన్ని రెండు రెట్ల పలచనకు హెచ్చిస్తే 8. సీఓడీ 130 ఉన్నప్పుడు 8 పెద్ద లెక్క కాదు. అదే ఉప్పునీటిలో 40 సీఓడీ కోసం పదిరెట్లు పలచన చేసే వారిని నేను చూశాను, వారు కొలిచేది తమ చేతి వణుకును మాత్రమే.

పాతబురెట్టు
ఒప్పుకుంటున్నాను. 316 అన్నది గరిష్ఠ హద్దు మాత్రమే, తీసివేతకు కాదు. రాసేటప్పుడు స్పష్టంగా చెప్పవలసింది.

ఆకివీడు_చెరువు
నాకు అర్థమైనంత వరకు, ఉప్పు ఎక్కువైతే పరీక్ష అబద్ధం చెబుతుంది. మరి బీఓడీ కూడా అంతేనా? అక్కడ 41కీ 16కీ తేడా కూడా ఉప్పేనా?

గౌతమి_తీరం
బీఓడీ కథ వేరు, అది నాకు బాగా తగిలిన దెబ్బ కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నేను ఒక పురపాలక మురుగునీటి శుద్ధి కేంద్రంలో పని చేస్తున్నాను. రెండేళ్ళ క్రితం మా గాలి పంపులు మార్చిన తరువాత ఏరేషన్ (నీటిలోకి గాలి ఊదడం) బాగా పెరిగింది, బయటికి వచ్చే నీరు చూడటానికి తేటగా ఉంది, సీఓడీ పడిపోయింది, బీఓడీ మాత్రం 14 నుంచి 35కు ఎక్కింది. శుద్ధి బాగుపడితే బీఓడీ పెరగడం ఏమిటని ఇంజనీరు గారు, నేను నెల రోజులు తల పట్టుకున్నాము.

బీఓడీ సీసాలో తినేవి రెండు రకాల సూక్ష్మజీవులు. ఒక రకం సేంద్రియ పదార్థాన్ని తింటూ ఆక్సిజన్ వాడుకుంటుంది, మనం కొలవాలనుకునేది దాన్నే. రెండో రకం అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది, ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు అది 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చు పెడుతుంది. పచ్చి మురుగునీటిలో ఈ రెండో రకం చాలా తక్కువ, అవి పెరిగేలోపే పరీక్ష గడువు ముగుస్తుంది. ఏరేషన్ బాగా జరిగిన నీటిలో మాత్రం అవి ముందే దండుగా ఉండి, సీసా మూత పెట్టిన గంట నుంచే పనిలో దిగుతాయి. అంటే మన శుద్ధి కేంద్రం బాగా పని చేస్తున్నందుకే అంకె పెరుగుతుంది. గట్టు గారూ, మీ రెండు అంకెల తేడా 25. లీటరుకు 5.5 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ మారితే సరిగ్గా అంతే వస్తుంది, రొయ్యల తొక్కలు కడిగిన నీటిలో అమ్మోనియాకు కరువేమీ ఉండదు. ఆ రెండో రకాన్ని ఆపే మందు, అల్లైల్ థయోయూరియా, కొద్దిగా వేసి ఒక సీసా, వేయకుండా ఒక సీసా పెట్టి చూడండి.

రెండోఏడు_కెమిస్ట్రీ
అదే అమ్మోనియా సీఓడీలో ఎందుకు రాదు?

గౌతమి_తీరం
డైక్రోమేట్ దాన్ని ముట్టుకోదు. అందుకే ఒక్కోసారి సీఓడీ తక్కువగా, బీఓడీ దానికి చాలా దగ్గరగా వచ్చి మనిషిని గాభరా పెడుతుంది.

ఆకివీడు_చెరువు
ఇక్కడ నేను ఒప్పుకోను. గౌతమి గారు ఆ మందు వేసి నైట్రోజన్ ఖర్చును దాచేస్తే కాగితం మీద 16 వస్తుంది. కానీ ఆ నీరు డ్రెయిన్‌లో పడ్డాక అక్కడ ఎవరు మందు వేస్తారు? అక్కడి సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను తిని ఆక్సిజన్ తీసుకోవలసిందే కదా. నేను అదే డ్రెయిన్ నుంచి చెరువుకు నీళ్ళు తోడుకునే రైతును. తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటరు 3 దగ్గర ఆగితే, అది ఏ రకం సూక్ష్మజీవి తినడం వల్ల తగ్గిందో రొయ్య అడగదు. అమ్మోనియా సంగతి రొయ్యకు వేరే చెప్పాలా.

గౌతమి_తీరం
రైతుగా మీరు అడిగేది న్యాయమైనదే, దాచమని నేను అనలేదు. అమ్మోనియాను అమ్మోనియాగా కొలిచి, దానికి ఉన్న హద్దుతో పోల్చాలి. సేంద్రియ కాలుష్యాన్ని విడిగా కొలవాలి. రెండింటినీ ఒకే అంకెలో కలిపేస్తే, ఇంజనీరు ఏరేషన్ పెంచాలో తగ్గించాలో తేల్చుకోలేడు. మా దగ్గర సరిగ్గా అదే జరిగింది, బీఓడీ తగ్గించడానికి పంపులు ఇంకా పెంచారు, అంకె ఇంకా పెరిగింది.

కాకినాడ_పైపులైను
చెరువు గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. అనుమతి పత్రంలో ఉట్టి బీఓడీ అని ఉన్నప్పుడు, మందు వేసి కొలిచిన అంకెను అదే గడిలో పెట్టి ఊరుకోవడం సరికాదు. మందు వేశామని పక్కన రాయాలి.

అన్నట్టు, మన దేశంలో బీఓడీ అంటే 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు, పాశ్చాత్య పుస్తకాలలో కనిపించేది 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు. ఐదు రోజుల మూలం ఇంగ్లండులో 1898లో వేసిన మురుగునీటి రాయల్ కమిషన్, 1912లో వచ్చిన దాని ఎనిమిదో నివేదిక. అక్కడి నదుల్లో నీరు సముద్రం చేరడానికి ఐదు రోజులకు మించి పట్టదన్న లెక్క దాని వెనుక ఉందని చెబుతారు. మన డెల్టా నీటికి ఆ లెక్క అసలు నప్పదు. ఉప్పుటేరులో పోటు వచ్చినప్పుడు నీరు వెనక్కి నడుస్తుంది, ఆటు వచ్చినప్పుడు ముందుకు నడుస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక డ్రెయిన్లలో నీరు కదలనే కదలదు.

రెండోఏడు_కెమిస్ట్రీ
మూడు రోజులు 27 డిగ్రీలూ, ఐదు రోజులు 20 డిగ్రీలూ ఒకటేనా?

కాకినాడ_పైపులైను
దగ్గర దగ్గర. డిగ్రీకి 1.047 చొప్పున వేగం పెరుగుతుందనుకుంటే ఏడు డిగ్రీలకు 1.38 రెట్లు, ఐదు రోజుల పని మూడున్నర రోజులు దాటాక పూర్తవుతుంది. కాబట్టి మూడు రోజుల అంకె కొంచెం తక్కువ చెబుతుంది. పైగా గురువారం పెట్టిన సీసా ఆదివారం తెరవాలి, అది అసలు ఇబ్బంది.

పాతబురెట్టు
నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం గురువారం నమూనా తీసుకోలేదు. ఇప్పుడు చెప్పుకోవచ్చు.

గట్టు గారూ, అమ్మోనియా దగ్గరే ఆగిపోకండి. వారి 16 కూడా నిజమో కాదో చూడాలి. వారు ఎన్ని రెట్లు పలచన చేశారో అడగండి. 27 డిగ్రీల దగ్గర సంతృప్త ఆక్సిజన్ సుమారు 7.9 ఉంటుంది. మూడు రోజుల్లో కనీసం 2 తగ్గాలి, చివరికి కనీసం 1 మిగలాలి. పదిరెట్లు పలచన చేసి ఉంటే వారి సీసాలో తగ్గింది 1.6 మాత్రమే, అది లెక్కకు రాదు. ఐదు రెట్లు చేసి ఉంటే తగ్గింది 3.2, సరిపోతుంది. అదే ఐదు రెట్లు మీ నీటికి వాడితే 8.2 తగ్గాలి, అంత ఆక్సిజన్ సీసాలో ఉండనే ఉండదు. మీరు ఎంత వాడారు?

యనమదుర్రు_గట్టు
300 మిల్లీలీటర్ల సీసాలో 30 మిల్లీలీటర్లు, అంటే పదిరెట్లు. మొదట 7.8, చివర 3.7. వారిని కూడా అడిగాను: సీఓడీకి రెండు రెట్లు, బీఓడీకి ఐదు రెట్లు పలచన చేశారట, మందు మాత్రం వేయలేదట.

గౌతమి_తీరం
మందు వేయకుండా 16 వచ్చిందా? అయితే నా సిద్ధాంతం సగమే నిలబడింది. వారి సీసాలో ఆ రెండో దండు ఎందుకు పని చేయలేదు?

కాకినాడ_పైపులైను
నమూనా వారి దగ్గరికి ఎలా వెళ్ళింది?

యనమదుర్రు_గట్టు
రాత్రి బస్సులో, థర్మోకోల్ పెట్టెలో ఐసు పెట్టి విశాఖపట్నం పంపించాము. మర్నాడు మధ్యాహ్నం పెట్టె అందిందని, శుక్రవారం పొద్దున పరీక్ష మొదలైందని చెప్పారు.

ఆకివీడు_చెరువు
భీమవరంలో ఐసుకు కరువు లేదు కానీ, బస్సు డిక్కీలో ఆ ఐసు తుని దాటే దాకా కూడా నిలవదు.

కాకినాడ_పైపులైను
అదే. బీఓడీ నమూనాను 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచి ఆరు గంటల్లో మొదలుపెట్టడం మంచిది, ఏమైనా 24 గంటలు దాటకూడదు. మీది 48 గంటలకు దగ్గరగా వెళ్ళింది. ఐసు కరిగిన క్యాన్‌లో తినవలసినవి కొంత తినేసి ఉంటాయి, అమ్మోనియా దండు గాలి లేక నీరసించి ఉంటుంది. క్యాన్‌లో జరిగిన భోజనం సీసా లెక్కలోకి రాదు. సీఓడీ నమూనా అయితే ఆమ్లం వేసి పీహెచ్ 2 కిందికి దించితే వారాల పాటు నిలుస్తుంది, బీఓడీకి ఆ వెసులుబాటు లేదు.

ఇంకొక అనుమానం. ప్రాసెసింగ్ హాలు కడిగే నీటిలో క్లోరిన్ వేస్తారు కదా. ఔట్‌లెట్‌లో క్లోరిన్ మిగిలి ఉంటే సీసాలోని జీవులు చచ్చి బీఓడీ ముచ్చటగా 3, 4 వస్తుంది. సోడియం సల్ఫైట్‌తో క్లోరిన్‌ను తీసేసి, విత్తనం, అంటే బతికి ఉన్న సూక్ష్మజీవులున్న కొంచెం మురుగునీరు, వేయాలి.

కొవ్వూరు_వంతెన
ఇన్ని సీసాలూ బస్సులూ ఎందుకు, ఆన్‌లైన్ మీటరు పెట్టుకుంటే క్షణక్షణం అంకె వస్తుంది కదా అనేవారి కోసం నా అనుభవం. మా కేంద్రంలో 254 నానోమీటర్ల అతినీల లోహిత కాంతి ఎంత ఆగిందో చూసి సీఓడీ చెప్పే సెన్సారు ఉంది. అది ఒక వేసవిలో నెల రోజుల పాటు 87 దగ్గర కదలకుండా నిలబడింది. అందరం సంతోషించాము. తీరా బయటికి తీస్తే కటకం మీద వేలెడు మందాన పాకుడు. సెన్సారు మా నీటిని కాదు, ఆ పాకుడును కొలుస్తోంది. పైగా ఆ కాంతిని బెంజీన్ వలయాల వంటివే పట్టుకుంటాయి. చక్కెర లాంటివి ఎంత ఉన్నా దానికి కనిపించవు. మన నీటితో, మన ల్యాబ్ సీఓడీతో జత చూసి సర్దుకోకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

రెండోఏడు_కెమిస్ట్రీ
టీఓసీ (నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్‌ను కొలిచే పరీక్ష) అయితే ఈ గొడవలేవీ ఉండవని మా మేడమ్ చెప్పారు.

కాకినాడ_పైపులైను
గొడవలు వేరేవి ఉంటాయి. నీటిని 680 డిగ్రీల కొలిమిలో ప్లాటినం ఉత్ప్రేరకం మీద కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడును కొలుస్తారు. అంతకు ముందే ఆమ్లం వేసి గాలి ఊది కార్బొనేట్లను పంపించేయాలి. నిమిషాల్లో అంకె వస్తుంది, పాదరసం అక్కర్లేదు. కానీ ఉప్పునీరు పోస్తూ పోతే కొలిమి గొట్టంలో ఉప్పు పేరుకుని ఉత్ప్రేరకం పాడవుతుంది. పైగా అది కార్బన్‌నే చెబుతుంది, ఆక్సిజన్ ఎంత కావాలో చెప్పదు. సిద్ధాంతం ప్రకారం కార్బన్‌కు 2.67 రెట్లు ఆక్సిజన్ అంటాము కానీ, నిజమైన నీటిలో ఆ నిష్పత్తి ప్లాంటుకు ఒక రకంగా ఉంటుంది. అనుమతి పత్రంలో బీఓడీ, సీఓడీ అనే ఉన్నంత వరకు అది మనకు లోపలి కాపలాకే పనికి వస్తుంది.

పాతబురెట్టు
పాదరసం ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. గట్టు గారూ, సీఓడీ అయ్యాక ఫ్లాస్కులోని ద్రావణాన్ని ఎక్కడ పోస్తున్నారు? అందులో పాదరసం, వెండి, క్రోమియం మూడూ ఉంటాయి.

యనమదుర్రు_గట్టు
ఇన్నాళ్ళూ సింకులో పోశాము. ఆ సింకు మళ్ళీ మా శుద్ధి కేంద్రానికే వెళుతుంది. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

ఆకివీడు_చెరువు
కొలవడానికి వెళ్ళి కలిపి వచ్చారన్నమాట. ఆ డ్రెయిన్ నీళ్ళే మా చెరువుకు వస్తాయండీ, కొంచెం చూసుకోండి.

యనమదుర్రు_గట్టు
ఇవాళ్టి నుంచి విడి క్యాన్‌లో పోసి, ప్రమాదకర వ్యర్థాలుగా పంపించే ఏర్పాటు చేస్తున్నాను.

ఈ వారం చేసినవి రాస్తున్నాను. పొద్దున పది గంటల నమూనాను రెండు రెట్లు పలచన చేస్తే సీఓడీ 140, మళ్ళీ చేస్తే 144. బీఓడీ మందు లేకుండా 39, మందుతో 17. క్లోరిన్ పొద్దుటి నీటిలో లేదు. సాయంత్రం షిఫ్టు ముగిసి హాలు కడిగాక పట్టిన నీటిలో 0.8 ఉంది, ఆ నీటిని ఏ సవరణా లేకుండా సీసాలో పెడితే బీఓడీ 4 వచ్చింది, సల్ఫైట్, విత్తనం వేసి పెడితే 22 వచ్చింది. సాయంత్రం నమూనాలే బయటికి పంపమని మాకు ఒక పాత అలవాటు ఉంది, అది ఎవరు మొదలుపెట్టారో నేను అడగదలచుకోలేదు. నివేదికలో క్లోరైడ్, అమ్మోనియా, నమూనా తీసిన గంట, పలచన అనే నాలుగు గడులు చేర్చి, బీఓడీ రెండు అంకెలూ పక్కపక్కనే రాసి మేనేజరు గారి బల్ల మీద పెట్టాను. ఇంకా సంతకం చేయలేదు.

గౌతమి_తీరం
తేడా 22 అంటే 4.8 మిల్లీగ్రాముల నైట్రోజన్. సరిపోయింది. మందు లేని 39 హద్దు దాటిందని మాత్రం మరచిపోకండి, దాని పని అమ్మోనియా దగ్గర పట్టాలి.

పాతబురెట్టు
సీఓడీ 140కి బ్యూరెట్ అంకెలు రాయలేదు. బ్లాంక్ (నమూనా బదులు శుద్ధ నీటితో చేసినది) ఎంత?

యనమదుర్రు_గట్టు
బ్లాంక్ 24.60, నమూనా 22.85. ఫెర్రస్ ద్రావణం ఆ పొద్దున సరిచూస్తే 0.100 వచ్చింది.

పాతబురెట్టు
1.75ను 40తో, మళ్ళీ రెండుతో గుణిస్తే 140. మీకు బ్యూరెట్ చదవడం వచ్చు.